తిరుపతి, చిత్తూరుల్లో ఎగ్జిమాకు ఆయుర్వేద ఓపీ వైద్యం: మొదటి చీటీ నుంచి 12వ వారం దాకా

"క్రీము రాస్తే తగ్గుతుంది, మానేస్తే మళ్లీ వస్తుంది. ఇక ఆయుర్వేదం చూపిద్దామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?" తిరుపతి, చిత్తూరు వైపు పాఠకులు ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు. ఏ మందు మంచిదో మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పాలి, దాని జోలికి నేను పోను. అడ్మిట్ కాకుండా ఓపీకి వచ్చిపోతూ వైద్యం చేయించుకునేవాళ్లు ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత, ఎక్కడ తప్పు జరుగుతుంది అన్నంత వరకే ఈ వ్యాసం.

రెండు మాటలు మొదటే ఒప్పుకుని దిగండి. ఎగ్జిమా మళ్లీ రాకుండా పోతుందని హామీ ఇవ్వగల వైద్యం ఏదీ లేదు. అదుపులో పెట్టుకోవడమే లక్ష్యం. రెండోది, ఆయుర్వేదాన్ని గానీ హోమియోను గానీ ఇప్పుడు వాడుతున్న వైద్యానికి జత చేసుకోండి. ఉన్న మందులన్నీ చెత్తబుట్టలో వేసి కొత్త డాక్టరు దగ్గరికి పరుగెత్తే పద్ధతి వల్లే ఎక్కువమంది దెబ్బతింటున్నారు.

## 1. అది ఎగ్జిమానేనా, ముందు తేల్చుకోండి

మన దగ్గర దురద పెట్టే మచ్చ ఏది కనిపించినా తామర అనేస్తారు. మెడికల్ షాపులో చూపిస్తే స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబ్ చేతిలో పెడతారు. ఫంగస్ మీద స్టెరాయిడ్ పడితే దురద రెండు రోజులు తగ్గినట్టే ఉంటుంది, మచ్చ మాత్రం పాకుతూ పోతుంది. పైగా దాని రూపు మారిపోయి, తర్వాత చూసే డాక్టరుకు పోల్చుకోవడం కష్టమవుతుంది.

ఇంట్లో గమనించాల్సిన తేడాలు ఇవి:

- అంచు ఎర్రగా పొలుసులతో గుండ్రంగా పాకుతూ, మధ్యలో చర్మం మామూలుగా ఉంటే ఫంగస్ అనుమానించాలి. గజ్జలు, నడుము దగ్గర ఎక్కువ.
- రాత్రిళ్లు నవ పెరిగి, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర చిన్న పొక్కులుండి, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉంటే అది గజ్జి కావచ్చు. అప్పుడు ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు వాడాలి.
- మోచేతి మడతలు, మోకాళ్ల వెనక, మెడ దగ్గర చిన్నప్పటి నుంచీ వస్తూ పోతూ ఉండి, ఇంట్లో ఆస్తమా, తుమ్ములు ఉన్నవాళ్లుంటే అటోపిక్ ఎగ్జిమా.
- చెప్పు పట్టీ, గిల్టు కమ్మ, వాచీ, బొట్టు తగిలిన చోటే వస్తే కాంటాక్ట్ ఎగ్జిమా. మందు కన్నా ముందు ఆ వస్తువును మానాలి.
- ఉబ్బుగా లేచి, 24 గంటల్లోపు అక్కడ మాయమై ఇంకో చోట లేస్తే దద్దుర్లు. దాని దారి వేరు, 10వ మెట్టులో చెప్పాను.

ఇది ఇంటి అంచనా మాత్రమే. ఒక్కసారి చర్మవ్యాధుల డాక్టరుకు చూపించి రోగం పేరు కాగితం మీద రాయించుకోండి. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది. చిత్తూరు వాళ్లు చాలామంది వేలూరు సీఎంసీకి వెళ్తుంటారు, అదైనా సరే. ఫంగస్ అనుమానం ఉంటే చర్మం మీద పొలుసు గీకి మైక్రోస్కోపులో చూస్తారు, చిన్న పరీక్షే. కాంటాక్ట్ ఎగ్జిమా అనిపిస్తే ప్యాచ్ టెస్ట్ ఉంటుంది: ఎలర్జీ తెచ్చే పదార్థాలున్న పట్టీలు వీపు మీద అంటించి 48 గంటలకు ఒకసారి, 72 లేదా 96 గంటలకు ఇంకోసారి చూస్తారు. ఆ రోజుల్లో వీపు తడవకూడదు కాబట్టి పెళ్లిళ్లు, కొండ ప్రయాణాలు లేని వారం చూసుకోండి.

ఆయుర్వేద వైద్యుడు దీన్ని విచర్చిక అని రాస్తే కంగారు పడొద్దు. ఎగ్జిమాకు దగ్గరగా వాళ్లు చెప్పే పేరు అదే. దద్దుర్లయితే శీతపిత్తం అని రాస్తారు.

## 2. ఇలా ఉంటే ఏ ఓపీ కోసమూ ఆగొద్దు

కింది వాటిలో ఏది కనిపించినా కషాయాలు, లేపనాలు పక్కన పెట్టి ఎమర్జెన్సీకి వెళ్లాలి:

- పెదవులు, నాలుక, కళ్ల చుట్టూ వాపు, ఊపిరి ఆడకపోవడం, గొంతు పూడుకుపోవడం, దద్దుర్లతో పాటు కళ్లు తిరగడం. వెంటనే 108.
- ఎగ్జిమా మీద ఒకే సైజు చిన్న గుంటల్లాంటి పుండ్లు గుంపుగా వచ్చి నొప్పి, జ్వరం. హెర్పిస్ వైరస్ సోకితే ఇలా అవుతుంది. పిల్లల్లో గంటలు కూడా విలువైనవే.
- పసుపు రంగు చెక్కు కట్టి, చీము పట్టి, చుట్టూ వేడిగా ఎర్రబడడం.
- ఒళ్లంతా ఎర్రబడి పొలుసులు రాలుతూ చలి పుట్టడం.

## 3. ఫైలు సిద్ధం చేయండి

ఓపీలో డాక్టరు మీకు ఇవ్వగలిగేది కొద్ది నిమిషాలే. ఆ నిమిషాలు "ఏదో తెల్ల ట్యూబ్ అండీ, పేరు గుర్తులేదు" అనడంతో అయిపోకూడదు.

తీసుకెళ్లాల్సినవి:

- పాత చీటీలు తేదీల వరసలో.
- ఇంతవరకు రాసిన ట్యూబులు, మింగిన మాత్రల అట్టలు. ఖాళీవైనా పర్లేదు. పేరు తెలియని పొట్లం ఉంటే అదీ.
- ఎగ్జిమా బాగా రేగినప్పుడు పగటి వెలుతురులో తీసిన ఫోటోలు. ఓపీ రోజున చర్మం శాంతంగా ఉండి, డాక్టరుకు ఏమీ కనిపించకపోవడం మామూలే.
- బీపీ, షుగరు, థైరాయిడ్, ఆస్తమా, రక్తం పలుచబడే మందుల జాబితా.
- గర్భిణి అయినా, పాలిస్తున్నా, గర్భం కోసం ప్రయత్నిస్తున్నా ఆ మాట కాగితం పైనే పెద్దక్షరాల్లో.
- ఈ మధ్య చేయించిన లివర్, కిడ్నీ పరీక్షలు. లేకపోతే ముందే చేయించుకోవడం మంచిది, ఎందుకో 6వ మెట్టులో ఉంది.
- ఆధార్, పాత ఓపీ నంబరు.

దీనితోపాటు ఒక కొలత కావాలి. పోయెమ్ అని చర్మవ్యాధుల డాక్టర్లు వాడే ఏడు ప్రశ్నల పట్టీ ఉంది, ఇంట్లోనే వేసుకోవచ్చు. గడిచిన వారంలో ఎన్ని రోజులు దురద పెట్టింది, నిద్ర చెడింది, రక్తం వచ్చింది, రసి కారింది, చర్మం పగిలింది, పొలుసులు రాలాయి, ఎండిపోయి గరుకైంది? ఒక్కోదానికి: ఒక్క రోజూ లేకపోతే 0, ఒకటి రెండు రోజులైతే 1, మూడు నాలుగైతే 2, అయిదు ఆరైతే 3, రోజూ అయితే 4. మొత్తం 28కి. 7 దాకా తక్కువ కిందే లెక్క, 8 నుంచి 16 మధ్యస్థం, 17 నుంచి పైకి తీవ్రం. ప్రతి ఆదివారం వేసి క్యాలెండరు మీద రాసేయండి. మందు పని చేస్తోందో లేదో చెప్పేది ఈ అంకె. "కొంచెం పర్లేదండి" అన్న మాటతో ఎవరికీ ఏమీ తెలియదు.

## 4. ఎవరికి చూపించాలి

తిరుపతిలో టీటీడీ ఎస్వీ ఆయుర్వేద కళాశాల ఆసుపత్రి ఉంది. ఆయుర్వేద బోధనాసుపత్రుల్లో పెద్దలైతే కాయచికిత్స, పిల్లలైతే బాలరోగ విభాగం, శోధన చికిత్సలకు (వాంతి, విరేచనం లాంటి వాటితో ఒంటిని శుభ్రం చేసేవి) పంచకర్మ విభాగం అడగాలి. కౌంటరులో "చర్మం" అంటే వాళ్లే పంపిస్తారు.

ప్రైవేటుగా చూపించుకుంటే డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబరు బోర్డు మీదో చీటీ మీదో ఉండాలి. లేకపోతే అడగండి, మొహమాటం వద్దు. వంశపారంపర్యం, అనుభవం అన్న మాటలు రిజిస్ట్రేషన్‌కు బదులు కావు.

## 5. మొదటి ఓపీలో అడగాల్సిన ప్రశ్నలు

కాగితం మీద రాసుకుని వెళ్లండి, అక్కడ మర్చిపోతారు.

- ఏ రోగమని అనుకుంటున్నారు?
- ఈ మందుల పేర్లు చదవగలిగేలా రాసిస్తారా?
- వీటిలో రస ఔషధాలు (పాదరసం చేరినవి), భస్మాలు (కాల్చి పొడి చేసిన లోహాలు) ఉన్నాయా? ఉంటే ఎన్నాళ్లు?
- ఇప్పుడు వాడుతున్న క్రీము, మాత్ర కొనసాగించాలా?
- ఏం కనిపిస్తే మందు ఆపి రావాలి?
- ఎన్ని వారాలకు తేడా తెలియాలి?

ఆఖరి ప్రశ్నకు జవాబు తప్పకుండా రాబట్టండి. "ఓపిక పట్టాలి" అన్నది జవాబు కిందికి రాదు.

## 6. లోపలికి తీసుకునే మందులు: ఇక్కడే జాగ్రత్త ఎక్కువ కావాలి

చర్మవ్యాధులకు ఆయుర్వేదంలో తరచూ రాసేవి మహామంజిష్ఠాది కషాయం, ఖదిరారిష్టం, గంధక రసాయనం, ఆరోగ్యవర్ధిని, పంచతిక్త ఘృతం. దద్దుర్లకు హరిద్రా ఖండం. పేర్లు తెలిశాయి కదా అని షాపులో మీరే కొనకండి. ఒక్కొక్కదానికీ ఒక్కో మెలిక ఉంది.

ఆరోగ్యవర్ధినిలో పాదరసం, గంధకం కలిపి నూరిన కజ్జలి ఉంటుంది, లోహ భస్మాలూ ఉంటాయి. ఇలాంటి మందు డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి. నెలల తరబడి వాడమంటే మొదలుపెట్టే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి లివర్, కిడ్నీ పరీక్షలు చేయించమని అడగండి. గర్భిణులకు, చిన్నపిల్లలకు నా సలహా ఒకటే: లోహాలున్న మందు రాస్తే ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకున్నాకే మింగించండి.

అరిష్టాల్లో సహజంగా పుట్టిన ఆల్కహాల్ కొంత ఉంటుంది. హరిద్రా ఖండంలో పంచదార ఎక్కువ, షుగరు ఉన్నవాళ్లు చెప్పాలి. యష్టిమధు (అతిమధురం) ఎక్కువ రోజులు వాడితే బీపీ పెరగవచ్చు, పొటాషియం తగ్గవచ్చు. చూర్ణాన్ని తేనెలో రంగరించి నాకించమంటారు చూడండి, ఏడాది లోపు పిల్లలకు తేనె అసలు పెట్టకూడదు, బొట్యులిజం (కండరాలు చచ్చుబడే విషబాధ) ప్రమాదం ఉంది. ఆ మాట డాక్టరు చెప్పకపోయినా మీరు గుర్తుపెట్టుకోండి.

తిప్పతీగ గురించి ఒక మాట. కోవిడ్ కాలంలో దాన్ని రోజూ తాగిన కొందరిలో లివర్ దెబ్బతిన్నట్టు ముంబై డాక్టర్లు 2021లో రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ వాదన ఒప్పుకోలేదు. తగువు తేలేదాకా ఎదురుచూడక్కర్లేదు: పెరట్లో తీగ ఉంది కదా అని సొంతంగా కషాయం కాచుకోవద్దు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఆకలి చచ్చిపోయినా, ఏ మందైనా సరే ఆపి లివర్ పరీక్షకు వెళ్లండి.

డబ్బా కొనేటప్పుడు చూడాల్సినవి:

- తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ.
- అందులో ఏమేం ఉన్నాయో జాబితా.
- విష ద్రవ్యాలు చేరిన మందైతే వైద్య పర్యవేక్షణలో వాడాలన్న హెచ్చరిక.

ఇవేమీ లేని తెల్ల డబ్బా క్రీము, పేరు లేని పొట్లం ఇస్తే తీసుకోవద్దు. 2003లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పిల్లల ఎగ్జిమాకు వాడుతున్న 24 హెర్బల్ క్రీములను పరీక్షిస్తే 20లో స్టెరాయిడ్లు బయటపడ్డాయి. పేరులేని క్రీము రెండు రోజుల్లో అద్భుతంగా పనిచేస్తే సంతోషించకండి, అనుమానించండి. మొహం నిండుగా ఉబ్బడం, చర్మం పలచబడి కింద నరాలు కనబడడం, ఆపగానే రెట్టింపు రేగడం అందులో స్టెరాయిడ్ ఉందనడానికి గుర్తులు.

## 7. పాత మందులు ఎలా తగ్గించాలి

వైద్యం మార్చే ఉత్సాహంలో ఎక్కువమంది చేసే తప్పు, స్టెరాయిడ్ క్రీమును ఒక్క రోజులో ఆపేయడం. గాఢమైన స్టెరాయిడ్ నెలల తరబడి రాసిన చర్మం ఒక్కసారిగా మంటెత్తిపోతుంది. అప్పుడు కొత్త డాక్టరేమో "లోపలి విషం బయటికి పోతోంది" అంటాడు, పాత డాక్టరేమో "ఆకు మందు వికటించింది" అంటాడు. ఇద్దరూ అసలు కారణం వదిలేస్తారు. స్టెరాయిడ్ మాత్రలైతే ఇంకా ప్రమాదం. వారాల తరబడి మింగినవాళ్లు హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. వాటిని రాసిన డాక్టరే తగ్గించాలి.

వరస ఇలా పెట్టుకోండి:

1. మొదటి రెండు వారాలు: కొత్తది ఏమీ వద్దు. ఉన్న మందులు చెప్పినట్టు వాడుతూ 8వ మెట్టులోని స్నానం, తేమ పద్ధతి మాత్రం మొదలుపెట్టండి. చాలామందికి ఇక్కడే పోయెమ్ అంకె దిగుతుంది.
2. మూడో వారం: ఆయుర్వేద మందు ఒకటి చేర్చండి. లోపలికి, పైకి రెండూ ఒకే రోజు మొదలుపెట్టొద్దు.
3. నాలుగో వారం: పై పూత చేర్చాలంటే ముందు మోచేతి లోపలివైపు రూపాయి బిళ్లంత చోట రోజూ రాసి మూడు రోజులు చూడండి. ఎర్రబడకపోతేనే వాడండి.
4. అంకె తగ్గి నిలబడ్డాక స్టెరాయిడ్‌ను డాక్టరు చెప్పినట్టు రోజు మార్చి రోజు, తర్వాత వారానికి రెండుసార్లు అంటూ తగ్గించండి.

స్టెరాయిడ్ ఎంత రాయాలన్నది కూడా చాలామందికి తెలియదు. చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబు పిండితే సుమారు అర గ్రాము. పెద్దవాళ్ల రెండు అరచేతులంత చోటుకు అది సరిపోతుంది. భయపడి చుక్క చుక్క రాసి "పనిచేయలేదు" అనేవాళ్లే ఎక్కువ.

ఇన్‌హేలర్ వాడుతున్నవాళ్లు దాన్ని ఏ వైద్యం కోసమూ ఆపకూడదు.

హోమియో వాడుతున్నవాళ్లకు ఒక మాట. మొదట పెరిగి తర్వాత తగ్గుతుందని అక్కడి డాక్టర్లు చెబుతారు. పెరుగుదల వారం దాటినా, రసి కారినా, జ్వరం వచ్చినా దాన్ని ఇన్ఫెక్షన్ అనుకునే చూపించుకోండి.

## 8. రోజూ చేయాల్సిన పని: స్నానం, తేమ

ఏ వైద్యం ఎంచుకున్నా ఇది తప్పదు. ఎగ్జిమా చర్మం చెమ్మ నిలుపుకోలేదు, సందుల్లోంచి దురద రేపేవన్నీ లోపలికి పోతాయి. ఆ సందులు పూడ్చకుండా ఎన్ని కషాయాలు తాగినా ఓటికుండలో నీళ్లు పోసినట్టే.

- గోరువెచ్చని నీళ్లు, 5 నుంచి 10 నిమిషాలు. వేణ్ణీళ్లు పోసుకుంటే దురద ఆ పూటకు హాయిగా ఉంటుంది, రాత్రికి పగ తీర్చుకుంటుంది.
- సున్నిపిండి, పీచు, కుంకుడుకాయ రసం వద్దు. రుద్దుడు ఎగ్జిమాకు పడదు. మురికి చోట్ల మాత్రం నురుగు తక్కువగా, వాసన లేకుండా ఉండే సబ్బు.
- తువ్వాలుతో అద్దండి, తుడవకండి.
- మూడు నిమిషాల్లోపు, ఒళ్లు ఇంకా తడిగా ఉండగానే మాయిశ్చరైజరు రాయండి. వెంట్రుకలు పెరిగే దిశలో.
- స్టెరాయిడ్ గానీ లేపనం గానీ రాయాలంటే దానికీ మాయిశ్చరైజరుకూ మధ్య 15 నుంచి 30 నిమిషాలు ఆగండి.

ఒళ్లంతా ఎగ్జిమా ఉన్న పిల్లలకు వారానికి 250 నుంచి 500 గ్రాముల మాయిశ్చరైజరు పడుతుంది. నెలకు ఒక చిన్న ట్యూబుతో సరిపెడుతున్నారంటే రాయనట్టే లెక్క. ఖరీదు బరువైతే తెల్ల పెట్రోలియం జెల్లీ పెద్ద డబ్బా కొనండి. అది పట్టిన బట్టలతో పొయ్యి దగ్గరికి, దీపారాధన దగ్గరికి వెళ్లేటప్పుడు జాగ్రత్త, త్వరగా అంటుకుంటాయి.

నూనెల్లో వర్జిన్ కొబ్బరి నూనె చాలామందికి పడుతుంది. పిల్లల మీద చేసిన ఒక పరీక్షలో మినరల్ ఆయిల్ కన్నా మెరుగని తేలింది కూడా. ఆలివ్, ఆవ నూనెలు చర్మపు పొరను ఇంకా చెడగొడతాయి. వేపనూనె నేరుగా రాస్తే మంట. పసుపు, వేపాకు నూరిన ముద్ద ఎండాక చర్మాన్ని లాగేస్తుంది కాబట్టి పగిలిన చోట పెట్టొద్దు. రసి కారే ఎగ్జిమాకు డాక్టరు త్రిఫలా కషాయంతో కడగమంటే ఆ పూటకాపూట కాచి, వడకట్టి, చల్లార్చి వాడండి. నిన్నటిది మళ్లీ వద్దు.

మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, దానివల్లే అని వేలు పోసి వాటర్ సాఫ్ట్‌నర్ పెట్టిస్తున్నారు. 2011లో ఇంగ్లండులో పిల్లల మీద చేసిన పెద్ద పరీక్షలో దానివల్ల ఎగ్జిమాలో తేడా రాలేదు. ఆ డబ్బు మాయిశ్చరైజరుకు పెట్టండి.

గోళ్లు పొట్టిగా కత్తిరించడం, నూలు బట్టలు, రాత్రి పిల్లల చేతులకు నూలు తొడుగులు, ఇవి మీకు తెలిసినవే.

## 9. పంచకర్మ చేయించుకోమంటే

తక్రధార (మజ్జిగ ధారగా పోయడం), కషాయంతో పరిషేకం (ఒంటి మీద పోయడం), లేపనం, జలగలతో రక్తమోక్షణం (రక్తం తీయించడం) ఓపీలో వచ్చిపోతూ చేయించుకోగలిగేవి. వమనం (మందుతో వాంతి చేయించడం), పూర్తి విరేచనం వేరే సంగతి. ముందు మూడు నుంచి ఏడు రోజులు నెయ్యి పెంచుకుంటూ తాగడం, ఒళ్లు మర్దన, చెమట పట్టించడం, ఆ తర్వాత శోధన, తర్వాత గంజి నుంచి మెల్లగా మామూలు భోజనానికి రావడం ఉంటాయి. వీటికి అడ్మిట్ అవడమే మేలు. బస్సులో వచ్చి విరేచనం మందు మింగి సాయంత్రానికి మదనపల్లెకో పలమనేరుకో బయల్దేరతామనుకోవద్దు.

వాయిదా వేయాల్సిన వాళ్లు: గర్భిణులు, గుండె జబ్బున్నవాళ్లు, బాగా నీరసంగా ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు విరేచనం రోజున వాటిని ఎంత తీసుకోవాలో రాసిన డాక్టరునే అడగాలి. తినకుండా మామూలు మోతాదు వేస్తే షుగరు పడిపోతుంది. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు నెయ్యి తాగే ముందే చెప్పాలి. ఏప్రిల్, మేలో తిరుపతి ఎండకు ఒళ్లు ముందే నీరు కోల్పోయి ఉంటుంది, ఆ నెలలు తప్పించమని అడగండి.

జలగ వైద్యానికి అడగాల్సినవి:

- ఈ జలగను ఇంకొకరికి వాడారా? ఒక జలగ ఒక్కరికే.
- రక్తం పలుచబడే మందులు, రక్తహీనత ఉన్నాయని చెప్పారా?
- తర్వాత రక్తం ఆగకపోతే ఏ నంబరుకు ఫోన్ చేయాలి?

## 10. దద్దుర్లు, తుమ్ములు ఉన్నవాళ్లకు

దద్దుర్లు ఆరు వారాలు దాటి వస్తుంటే వాటిని దీర్ఘకాలికం అంటారు. చాలామందిలో తిండి కారణమే ఉండదు, కాబట్టి కూరలన్నీ మానేయకండి. డాక్టరు రాసిన యాంటీహిస్టమిన్ (ఎలర్జీ దురద తగ్గించే మాత్ర) రోజూ వేసుకుంటూనే ఆయుర్వేదం వాడొచ్చు.

ఎలర్జీ టెస్టుకు వెళ్తే చర్మం మీద చేసే ప్రిక్ టెస్టుకు అయిదారు రోజుల ముందు, ఆ డాక్టరును అడిగి, యాంటీహిస్టమిన్ ఆపాలి. లేకపోతే ఏమీ లేదని తప్పుగా వస్తుంది. ఆ టెస్టులో పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఆ తిండి పడదని కాదు. తిన్నప్పుడు ఏమవుతోందో కలిపి చూడాలి. వంద ఆహారాల ఐజీజీ రక్త పరీక్ష ప్యాకేజీలకు డబ్బు పెట్టొద్దు, అవి ఎలర్జీ చెప్పవు.

ముక్కు కడుక్కునే జలనేతికి కుళాయి నీళ్లు నేరుగా వాడకూడదు. మరిగించి చల్లార్చిన నీళ్లు పావు లీటరుకు సుమారు 2 గ్రాముల ఉప్పు. పాత్రను ప్రతిసారీ కడిగి ఆరబెట్టండి.

## 11. పథ్యం: అన్నీ మానేయడం పథ్యం కాదు

వంకాయ, గోంగూర, ఎండు చేపలు, కోడిగుడ్డు, పులుపు, వేరుశనగ. చీటీ వెనక ఈ జాబితా చూసి ఇంట్లో వంట ఆగిపోతుంది. మన వైపు వేరుశనగ చట్నీ లేని టిఫిను, పప్పు లేని సంగటి ఎన్నాళ్లు సాగుతాయి?

ఒక్కసారి ఒక్కటే మానండి. రెండు నుంచి నాలుగు వారాలు. అంకె దిగకపోతే మళ్లీ తినేయండి, తర్వాత ఇంకోటి చూడండి. దిగితే మళ్లీ కొద్దిగా తిని అంకె పెరుగుతుందో చూడండి, అప్పుడే నిర్ధారణ. చేప, పాలు కలిపి తినొద్దనే విరుద్ధాహార నియమం పాటించడంలో నష్టమేమీ లేదు.

పిల్లల విషయంలో పాలు, గుడ్డు డాక్టరుకు చెప్పకుండా నెలల తరబడి ఆపొద్దు. బరువు ఆగిపోవడమే కాదు, కొందరిలో ఆ తర్వాత మళ్లీ పెట్టినప్పుడు తీవ్రమైన ఎలర్జీ రావచ్చు. ఏదైనా తిన్న వెంటనే దద్దుర్లు, వాంతి, పిల్లికూతలు ఒకసారి వచ్చిన పిల్లలకు దాన్ని ఇంట్లో పరీక్షించవద్దు.

## 12. మన ఊళ్లలో మళ్లీ మళ్లీ రేపేవి

వైద్యం సరిగ్గా సాగుతూ ఒక్కసారి అంకె ఎగబాకితే మందును తిట్టే ముందు ఇవి చూసుకోండి.

మామిడి సొన. చిత్తూరు జిల్లాలో కోతల కాలంలో తోటల్లో, మండీల్లో, గుజ్జు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ల చేతులు, పెదవుల చుట్టూ పొక్కులు లేస్తాయి. కాయను తొడిమతో కోసి సొన కారనివ్వాలి, పూర్తి చేతుల చొక్కా వేసుకోవాలి, సొన పడగానే సబ్బుతో కడగాలి.

వయ్యారిభామ. వేరుశనగ చేలల్లో, రోడ్ల పక్కన తెల్లపూలతో ఉంటుంది. దాని పొడి గాలిలో ఎగిరి మొహం, కనురెప్పలు, మెడ, చేతుల మీద ఎగ్జిమా తెస్తుంది. ఒట్టి చేతులతో పీకవద్దు, పూత రాకముందే తీయించండి, ఎండబెట్టి తగలబెట్టవద్దు.

గుండు, గంధం. తలలో ఎగ్జిమా రేగి ఉన్నప్పుడు మొక్కు కొంచెం వాయిదా వేయండి. తప్పదంటే కొత్త బ్లేడు అడగండి, గుండు మీద బజారు గంధం పొడి కాకుండా మాయిశ్చరైజరు రాయండి. గంగమ్మ జాతరలో వేషం మొక్కున్నవాళ్లకు కుంకుమ, రంగులు ఒళ్లంతా పూసుకోవడం కష్టమే. పగుళ్లున్న చోట వదిలేసి మిగతా చోట ముందు పెట్రోలియం జెల్లీ రాసి పూసుకోండి, అదే రోజు కడిగేయండి.

చెమట. అలిపిరి మెట్లెక్కాలంటే తెల్లవారుజామున బయల్దేరండి. పైకి చేరాక ఒళ్లు కడుక్కుని మళ్లీ తేమ రాసుకోండి.

సిమెంటు పని, గిల్టు నగలు, తలకు వేసే నల్లరంగు కూడా ఈ పట్టీలోవే.

## 13. నాలుగో వారం, 12వ వారం లెక్క

ఆయుర్వేద మందు మొదలుపెట్టే రోజు అంకెను ఒక మూల రాసి ఉంచండి. అక్కడి నుంచి నాలుగు వారాలకు ఓపీకి వెళ్లి పట్టీ చూపించండి. అంకె 4 లేదా ఎక్కువ దిగితే నిజమైన తేడాగా తీసుకోవచ్చు. ఒకటి రెండు పాయింట్లు అటూ ఇటూ అవడం వాతావరణం వల్ల కూడా జరుగుతుంది.

- అంకె దిగుతోంది, పరీక్షలు బాగున్నాయి: కొనసాగించండి, స్టెరాయిడ్ తగ్గించే మాట అడగండి.
- అక్కడే ఉంది: మాయిశ్చరైజరు నిజంగా ఎంత ఖర్చవుతోందో చూడండి. తర్వాత మందు మార్చమని అడగండి.
- పెరిగింది: మందులు పట్టుకుని చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి.

12 వారాలకూ తేడా లేకపోతే ఆ వైద్యం ఆపండి. అప్పటికి చర్మవ్యాధుల ఓపీలో టాక్రోలిమస్ పూత, వారానికి రెండు మూడుసార్లు వెళ్లి చేయించుకునే యూవీ కాంతి చికిత్స లాంటి దారులుంటాయి. అక్కడికి వెళ్లేటప్పుడు ఈ మూడు నెలల్లో వాడిన ఆయుర్వేద మందుల పేర్లు దాచకండి. తిడతారేమోనని దాచేవాళ్లు చాలామంది, ఆ తర్వాత రక్త పరీక్షలో తేడా వస్తే ఎందుకొచ్చిందో ఎవరికీ అర్థం కాదు. క్యాలెండరు, ఖాళీ డబ్బాలు, చీటీలు ఒకే సంచిలో వేసి ఆ బల్ల మీద పెట్టండి.